తుప్పును జయించిన కార్మికుని బిడ్డ - హారీ బ్రియర్లీ

మన వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒకరిద్దరు మహనీయుల జీవిత విశేషాలు ఉంటాయి. పూలే, అంబేద్కర్, జాషువా, అబ్దుల్ కలాం వంటి వారి గురించి చదువుతూ మేము కూడా పెరిగాం. ఈసారి మన పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించని ఒక వ్యక్తిని మీకు పరిచయం చేయాలనుకున్నాం. ఆయన పేరు హారీ బ్రియర్లీ. ఇంగ్లండులోని షెఫీల్డు నగరవాసి. ఉక్కు కరిగించే కార్మికుని కొడుకు. పన్నెండేళ్లకే బడి మానేసిన పిల్లవాడు. మనం మెస్‌లో రోజూ అన్నం తినే స్టీలు కంచం, ఆపరేషన్ థియేటర్‌లో డాక్టరు చేతిలోని పరికరాలు, ఇంజను లోపల ఎర్రగా కాలుతూ కూడా చెడిపోకుండా పనిచేసే వాల్వులు - వీటన్నింటి వెనుక ఆయన శ్రమ ఉంది.

సైన్సు విద్యార్థులకే కాదు, ఆర్ట్స్ మిత్రులకు కూడా ఈ జీవితం ఉపయోగపడుతుందని మా నమ్మకం. ఎందుకంటే ఇది ఒక లోహం కథ మాత్రమే కాదు. చదువు కోసం, పనికి తగిన గుర్తింపు కోసం ఒక పేదవాడు చేసిన పోరాటం కూడా.

పొగ గొట్టాల నీడలో బాల్యం

బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18న షెఫీల్డులో జన్మించారు. తండ్రి జాన్ బ్రియర్లీ, తల్లి జేన్. తొమ్మిది మంది సంతానంలో ఆయన ఎనిమిదో వారు. ఆ కుటుంబం ఎంత ఇరుకులో బతికి ఉంటుందో మనలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు.

షెఫీల్డు ఆనాడు ప్రపంచంలోనే పేరెన్నిక గన్న ఉక్కు నగరం. అక్కడి కత్తులు, చాకులు దేశదేశాలకు వెళ్లేవి. 1740ల నుండి అక్కడ మట్టి మూసల్లో ఉక్కును కరిగించే పద్ధతి వాడుకలో ఉంది. దీన్ని అక్కడ ప్రవేశపెట్టినవారు బెంజమిన్ హంట్స్‌మన్. నిజానికి మూసలో ఉక్కు చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో అంతకు ఎన్నో ఏళ్ల ముందే మట్టి మూసల్లో ఉక్కు తయారయ్యేది. పశ్చిమాసియా కత్తుల తయారీకి ఆ ఉక్కు కోసం వర్తకులు ఇంత దూరం వచ్చేవారు. మన దేశపు ఈ ఉక్కు రహస్యం తెలుసుకోవాలనే కోరికతోనే 1820 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్ట్ ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేశారు. ఉక్కులో క్రోమియం కలిపి చూసిన తొలి వ్యక్తుల్లో వారున్నారు.

జాన్ బ్రియర్లీ పని మూసల్లో కరిగిన ఉక్కును పోయడం. కొలిమిలోంచి తెల్లగా మెరిసే మూసను పట్టకారుతో పైకి లాగి, ఒంటి మీద తడి గోనెలు చుట్టుకుని, ఒక్క చుక్క వృథా కాకుండా అచ్చులో పోయాలి. ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు లేవు. రంగు చూసి, కంటితోనే అంచనా వేయాలి. హారీ చిన్నప్పటి నుండి ఈ పనిని దగ్గరగా చూశారు. ఇటుక బట్టీ దగ్గర, రైస్ మిల్లు బాయిలర్ దగ్గర తల్లిదండ్రులు పనిచేస్తుండగా పక్కనే ఆడుకున్న మన లాంటి పిల్లలకు ఆ దృశ్యం అర్థమవుతుంది.

సీసాలు కడిగే కుర్రాడు

పన్నెండో ఏట బడి ముగిసింది. తండ్రి పనిచేసే థామస్ ఫర్త్ అండ్ సన్స్ ఉక్కు కర్మాగారంలోనే హారీ చేరారు. మొదట కొలిమి కింది నేలమాళిగలో కూలి పని. కొంతకాలానికే కంపెనీ రసాయన ప్రయోగశాలలో సహాయకుడిగా మార్చారు. పేరుకు ప్రయోగశాల. పని మాత్రం సీసాలు, గాజు పాత్రలు కడగడం.

ఆ గదిలోనే ఆయనకు గురువు దొరికారు. ప్రధాన రసాయన శాస్త్రవేత్త జేమ్స్ టేలర్ ఈ కుర్రవాడిలోని చురుకుదనాన్ని గమనించారు. లెక్కలు నేర్పారు. పుస్తకాలు చదవమన్నారు. రాత్రి బడికి వెళ్లమని ప్రోత్సహించారు. పగలు సీసాలు కడగడం, సాయంత్రం తరగతులు, ఇంటికి వచ్చాక చదువు - ఇలా ఏళ్ల తరబడి సాగింది. మెల్లమెల్లగా బ్రియర్లీ ఉక్కును విశ్లేషించడంలో నిపుణుడయ్యారు. ఒక ఉక్కు ముక్కలో కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, క్రోమియం ఎంత ఉందో కచ్చితంగా తేల్చగల విశ్లేషకుడిగా అదే కంపెనీలో స్థానం సంపాదించారు.

1895లో హెలెన్‌ను వివాహమాడారు. తమ కుమారుడికి లియో టేలర్ అని పేరు పెట్టుకున్నారు. 1902లో ఫ్రెడ్ ఇబ్బట్సన్‌తో కలిసి ఉక్కు కర్మాగారాల్లో వాడే పదార్థాల విశ్లేషణపై ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. డిగ్రీ పట్టా లేని మనిషి రాసిన పుస్తకం డిగ్రీలున్నవారి బల్లల మీదికి చేరింది.

1904లో కంపెనీ ఆయనను అప్పటి రష్యా సామ్రాజ్యంలోని రీగా నగరానికి పంపింది. అక్కడ రసాయన శాస్త్రవేత్తగా మొదలై కర్మాగార నిర్వాహకుడిగా ఎదిగారు. 1905 విప్లవపు అల్లర్ల మధ్య కూడా పని నడిపించారు. ఉక్కును ఎంత వేడి చేయాలి, ఎంత వేగంగా చల్లార్చాలి అన్న విద్యలో ఆయనకు గట్టి పట్టు కుదిరింది. ఇది తర్వాత ఎంతో పనికొచ్చింది. తిరిగి వచ్చాక 1908లో ఫర్త్, జాన్ బ్రౌన్ కంపెనీలు ఉమ్మడిగా స్థాపించిన పరిశోధనశాలకు ఆయనే అధిపతి అయ్యారు. సీసాలు కడిగిన చేతులు ఇప్పుడు ఒక పరిశోధనశాలను నడిపిస్తున్నాయి.

తుపాకీ గొట్టం తెచ్చిన సమస్య

1912లో ఆయన ముందుకు ఒక చిక్కు సమస్య వచ్చింది. రైఫిల్ గొట్టాలు లోపలి వైపు త్వరగా అరిగిపోతున్నాయి. కొన్నాళ్లు కాల్చగానే గొట్టం వదులై గురి తప్పుతోంది. తుపాకీ మందు మండినప్పుడు పుట్టే వాయువులు విపరీతమైన వేడితో, ఒత్తిడితో గొట్టం లోపలి పొరను తినేస్తున్నాయి.

ఉక్కులో క్రోమియం పాలు పెంచితే ఈ వేడికి తట్టుకోవచ్చని బ్రియర్లీ భావించారు. ప్రయోగాలు మొదలుపెట్టారు. 1913 ఆగస్టు 13న పోసిన ఉక్కులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్నాయి. ప్రపంచ పారిశ్రామిక చరిత్రలో ఆ తేదీకి ప్రత్యేక స్థానం ఉంది.

ఒక కథ మీరు ఎక్కడైనా చదివి ఉండవచ్చు. పనికిరాదని ఆవరణలో పారేసిన ముక్కల్లో ఒకటి వానకు తడిసినా మెరుస్తూ కనిపించిందని, అలా స్టెయిన్‌లెస్ స్టీలు దొరికిందని ఆ కథ చెబుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ అసలు విషయం అంతకంటే గొప్పది. మైక్రోస్కోపులో ఉక్కు లోపలి నిర్మాణం చూడాలంటే ముందు దాన్ని నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో తుడవాలి. ఆమ్లం కొంచెం తింటేనే గీతలు, గింజలు కనిపిస్తాయి. ఈ ఉక్కును మాత్రం ఆమ్లం తినడం లేదు. మరొకరైతే ఆమ్లం పాడైందనుకుని వేరే సీసా తెచ్చుకునేవారు. బ్రియర్లీ అక్కడే ఆగి ఆలోచించారు. వెనిగర్‌తో, నిమ్మరసంతో పరీక్షించారు. దేనికీ మరక పడలేదు. సరైన రీతిలో గట్టిపరచిన ముక్కలు ఎక్కువగా తట్టుకుంటున్నాయని, మెత్తబరచినవి తక్కువగా తట్టుకుంటున్నాయని కూడా గుర్తించారు. ఇరవై ఏళ్లకు పైగా ఉక్కుతో గడిపిన కన్ను కాబట్టే ఆ తేడాను పట్టుకోగలిగింది. అదృష్టం అనే మాట ఇక్కడ సరిపోదు.

క్రోమియం ఏం చేస్తుంది?

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకుందాం. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుమును సుత్తితో కొడితే నల్లటి పొలుసులు రాలడం మనం చూసే ఉంటాం. అది ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన ఆక్సైడ్. సుమారు 570 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాక ఈ పొరలో ఒక రకం ఐరన్ ఆక్సైడ్ చాలా వేగంగా పెరుగుతుంది. దాని స్ఫటికంలో ఖాళీ స్థానాలు ఎక్కువ. ఆ ఖాళీల గుండా ఇనుము అయాన్లు పైకి వస్తూనే ఉంటాయి, పొర మందమవుతూనే ఉంటుంది, చివరికి పెచ్చులుగా ఊడిపోతుంది. కింద మళ్లీ కొత్త ఇనుము బయటపడుతుంది. ఇలా లోహం తరిగిపోతుంది.

ఉక్కులో తగినంత క్రోమియం ఉంటే కథ మారుతుంది. ఇనుము కంటే క్రోమియానికి ఆక్సిజన్ మీద మక్కువ ఎక్కువ. ముందుగా క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. మామూలు వాతావరణంలో ఈ పొర మందం కొన్ని నానోమీటర్లే, కంటికి కనపడదు. గీత పడితే తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది. స్టీలు కంచాన్ని పీచుతో ఎంత తోమినా తుప్పు పట్టకపోవడానికి కారణం ఇదే.

వేడి పెరిగే కొద్దీ క్రోమియం అవసరం కూడా పెరుగుతుంది. సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు దాదాపు 700 డిగ్రీల వరకు నిలుస్తుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నది దాదాపు 900 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. 25 శాతం క్రోమియం, 20 శాతం నికెల్ ఉన్నది 1,000 డిగ్రీలు దాటినా పనిచేస్తుంది.

అయితే ఇవి శుభ్రమైన గాలికి చెప్పే లెక్కలు. ఇంధనం మండగా వచ్చిన వాయువుల్లో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, కొన్నిసార్లు గంధకపు వాయువులు ఉంటాయి. అక్కడ పరీక్ష మరీ కఠినం. నీటి ఆవిరి, ఆక్సిజన్ కలిసి క్రోమియం ఆక్సైడ్‌ను ఆవిరయ్యే పదార్థంగా మార్చి కొంచెం కొంచెంగా ఎగరగొడతాయి. కార్బన్ డయాక్సైడ్ ఉన్నచోట కార్బన్ లోహంలోకి చొరబడి క్రోమియాన్ని కార్బైడ్ రూపంలో బంధిస్తుంది. ఇక పొరను బాగు చేయడానికి క్రోమియం మిగలదు. అప్పటిదాకా నిలకడగా ఉన్న ఉక్కు హఠాత్తుగా మామూలు ఇనుములాగే పొలుసులు కట్టడం మొదలుపెడుతుంది. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల బాయిలర్ గొట్టాలకు ఉక్కును ఎంచుకునే ఇంజనీర్లు ఈ లెక్కలన్నీ వేసుకోవలసిందే. హైదరాబాదులో 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ వంటి సంస్థలు ప్రత్యేక ఉక్కులు, మిశ్రమ లోహాలు తయారు చేస్తున్నాయంటే ఆ అవసరం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కోయని కత్తులు

మళ్లీ బ్రియర్లీ దగ్గరకు వద్దాం. ఆయనకు వెంటనే తట్టింది తుపాకీ కాదు, భోజనం బల్ల. ఆ రోజుల్లో ఉక్కు చాకులు నిమ్మకాయకు, వెనిగర్‌కు నల్లబడేవి. భోజనమైన ప్రతిసారీ పొడి వేసి రుద్ది కడగాలి. ఆ చాకిరీ అంతా పనివాళ్లది, గృహిణులది. ఈ కొత్త ఉక్కుతో చాకులు చేయవచ్చని ఆయన కంపెనీ పెద్దలకు చెప్పారు. వారు ఆసక్తి చూపలేదు. పేటెంటుకు దరఖాస్తు చేయాలన్న ఆలోచన కూడా వారికి కలగలేదు. నమూనా ఉక్కు తీసుకున్న చాకుల తయారీదారులు అది సానబట్టడానికి లొంగడం లేదని, దానితో చేసిన చాకు కోయదని తేల్చేశారు. కోయని కత్తులు కనిపెట్టినవాడని ఊరిలో ఆయనను ఎగతాళి చేశారు.

1914లో ఆర్.ఎఫ్. మోస్లే అనే చాకుల కంపెనీలో నిర్వాహకుడైన ఎర్నెస్ట్ స్టూవర్ట్ ఆ ఉక్కును పరీక్షించారు. వెనిగర్‌కు మరక పడకపోవడం చూసి దానికి మరక లేనిది అనే అర్థంలో స్టెయిన్‌లెస్ అని పేరు పెట్టారు. బ్రియర్లీ మనసులో ఉన్న పేరు తుప్పులేని ఉక్కు. చివరికి స్టూవర్ట్ పెట్టిన పేరే లోకమంతా నిలిచింది. మొదటి ప్రయత్నాల్లో కంపెనీ పనిముట్లే అరిగిపోయాయి. అప్పుడు బ్రియర్లీ స్వయంగా వెళ్లి, ఎంత వేడిలో సాగగొట్టాలో, ఎలా గట్టిపరచాలో పక్కన నిలబడి చూపించారు. చాకులు చక్కగా కుదిరాయి, చక్కగా కోశాయి. ఉక్కులో లోపం లేదు, దాన్ని వాడే తీరులోనే తేడా ఉంది.

హక్కు కోసం పోరాటం

ఇప్పుడు కంపెనీ కళ్లు తెరుచుకున్నాయి. ఈ ఆవిష్కరణ ఎవరిదనే ప్రశ్న లేచింది. పరిశోధనశాలలో పుట్టింది కాబట్టి తమదేనని యాజమాన్యం వాదించింది. తనకూ న్యాయమైన వాటా ఉందని బ్రియర్లీ పట్టుబట్టారు. జీతగాడు ఇలా అడగడం యజమానులకు నచ్చలేదు. మాట కుదరక 1915లో ఆయన ఆ సంస్థను విడిచిపెట్టారు. పన్నెండేళ్ల వయసులో అడుగుపెట్టి, మొత్తం మీద అంతకాలం పనిచేసిన చోటును వదలడం ఎంత కష్టమో ఆలోచించండి. తర్వాత బ్రౌన్ బేలీ ఉక్కు కర్మాగారంలో చేరారు.

జాన్ మాడక్స్ అనే వృద్ధుడు వచ్చి అమెరికాలో పేటెంటు తీసుకోమని ప్రోత్సహించారు. ఆయన సహాయంతో 1916 సెప్టెంబరు 5న బ్రియర్లీకి అమెరికా పేటెంటు లభించింది. 9 నుండి 16 శాతం క్రోమియం ఉన్న ఉక్కుకు అది వర్తించింది. ఆ తర్వాత 1917లో పాత కంపెనీ కూడా దారికి వచ్చి ఆయనతో కలిసి ఫర్త్-బ్రియర్లీ పేరుతో ఉమ్మడి సంస్థ ఏర్పరచింది. తగాదా ముగిసింది కానీ మనసులోని నొప్పి మాత్రం చాలాకాలం ఉండిపోయింది.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం ముమ్మరమైంది. చాకుల తయారీని ఆపించి, ఈ ఉక్కును విమాన ఇంజన్ల వాల్వులకు మళ్లించారు. పెట్రోలు మండాక బయటికి వెళ్లే వాయువుల దారిలో ఉండే ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలిపోతుంది. మామూలు ఉక్కు అక్కడ పొలుసులు కట్టి చెడిపోతుంది, ఇంజను ఆకాశంలోనే మొరాయిస్తుంది. క్రోమియం ఉక్కు ఆ మంటను తట్టుకుంది. మండే వాయువుల సమస్యకు జవాబు వెతుకుతూ మొదలైన పరిశోధన, భోజనం బల్ల దాకా వెళ్లి, మళ్లీ మండే వాయువుల దగ్గరికే చేరింది. తుపాకీ గొట్టాల సంగతికి వస్తే, తర్వాతి కాలంలో వాటి లోపలి వైపు క్రోమియం పూత వేయడం వాడుకలోకి వచ్చింది. క్రోమియం మీద ఆయన పెట్టుకున్న నమ్మకం మరో రూపంలో నిజమైంది.

ఒక్కరి గొప్ప కాదు

మహనీయుల గురించి రాసేటప్పుడు మిగతావారిని మరిచిపోవడం మంచిది కాదు. 1821లోనే ఫ్రాన్సులో బెర్తియే ఇనుము-క్రోమియం మిశ్రమాలు ఆమ్లాలను తట్టుకుంటాయని గమనించారు. జర్మనీలో మొన్నార్ట్జ్ 1911లో క్రోమియం ఉక్కుల తుప్పు నిరోధకతపై పరిశోధన ప్రచురించారు. 1912లో క్రుప్ సంస్థలో స్ట్రౌస్, మౌరర్ నికెల్ కూడా కలిపిన ఉక్కును రూపొందించారు. అమెరికాలో ఎల్‌వుడ్ హేన్స్ స్వతంత్రంగా కృషి చేసి 1919లో పేటెంటు పొందారు. బ్రియర్లీ తర్వాత ఆయన కుర్చీలో కూర్చున్న హాట్‌ఫీల్డ్ 1924లో 18/8 ఉక్కును తెచ్చారు. అయితే ఆ ఉక్కును సామాన్యుల చేతికి, వంటింటికి చేర్చవచ్చని గ్రహించి, ఎగతాళిని భరించి, పని పూర్తయ్యే వరకు వదలని ఘనత బ్రియర్లీది.

చివరి రోజులు

1920లో ఇనుము-ఉక్కు రంగంలో అత్యున్నతమైన బెస్సెమర్ బంగారు పతకం ఆయనను వరించింది. 1925లో రోజువారీ బాధ్యతల నుండి విరమించారు. 1939లో షెఫీల్డు నగరం ఆయనకు పౌర గౌరవాన్ని ప్రదానం చేసింది. 1941లో తన ఆత్మకథను ప్రచురించారు. అందులో పెద్ద పెద్ద శాస్త్రవేత్తల కంటే ఎక్కువ ప్రేమతో కొలిమి దగ్గర చెమటోడ్చిన సామాన్య కార్మికుల నేర్పును వర్ణించారు. తాను ఎక్కడి నుండి వచ్చారో ఎన్నడూ దాచుకోలేదు. అదే సంవత్సరం తన సంపాదనలో కొంత భాగంతో ఫ్రెష్‌గేట్ అనే ధర్మనిధిని స్థాపించారు. 1948 జులై 14న టార్కీ పట్టణంలో 77వ ఏట కన్నుమూశారు. ఆవిష్కరణకు నూరేళ్లు నిండిన 2013లో షెఫీల్డులో ఒక భవనం గోడ నిండా ఆయన చిత్రాన్ని గీశారు.

మనం నేర్చుకోవలసింది

బ్రియర్లీ పన్నెండేళ్లకే బడి మానేశారు కదా, చదువు లేకపోతేనేం అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయన బడి మానేశారు గాని చదువు మానలేదు. రాత్రి బడులు, టేలర్ ఇచ్చిన పుస్తకాలు లేకపోతే ఆయన జీవితమంతా సీసాలు కడుగుతూనే ఉండేవారు. ఆనాడు అలాంటి పిల్లలు వేలమంది ఉండి ఉంటారు. వారిలో ఎందరికి టేలర్ దొరికి ఉంటారు? మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేమే. మాకు హాస్టల్, స్కాలర్‌షిప్, ఒకరిద్దరు మంచి మాస్టార్లు దొరికారు కాబట్టి ఇక్కడిదాకా రాగలిగాం. మాతో పాటు టెన్త్ చదివి, పత్తి చేలలోకో, తాపీ పనిలోకో వెళ్లిపోయిన మిత్రులు మాకంటే తెలివి తక్కువవారు కారు. అందుకే జూనియర్లకు మా మనవి ఒక్కటే. మీ గదిలో చదువు ఆపేద్దామా అని ఆలోచిస్తున్న తమ్ముడు ఉంటే అతనికి ఒక లెక్క చెప్పండి, ఒక పుస్తకం ఇవ్వండి. టేలర్ చేసిన పని అంతే.

రెండో సంగతి. మన అమ్మానాన్నలు చేసే పనిలో విద్య లేదనుకోవద్దు. మంట రంగు చూసి ఉక్కు పదును చెప్పగలిగిన తండ్రి దగ్గరే బ్రియర్లీ మొదటి పాఠం నేర్చుకున్నారు. కాలేజీలో అడిగితే నాన్న పని చెప్పడానికి తడబడేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. తడబడనక్కరలేదు.

మూడో సంగతి. మన కష్టానికి మన పేరు ఉండాలని అడగడం అహంకారం కాదు. బ్రియర్లీ ఉద్యోగం పోగొట్టుకుని మరీ ఆ మాట అడిగారు. రేపు మనం ఉద్యోగాలకు, పరిశోధనలకు వెళతాం. చేసిన పనిని రాసిపెట్టుకుందాం, ఒప్పందం చదివి సంతకం పెడదాం, మన వాటాను ధైర్యంగా అడుగుదాం. మనతో పనిచేసినవారి వాటాను కూడా మరవకుండా చెబుదాం.